అవతల ఎవరూ లేని ఫోను

ఆరేళ్లుగా ఆ సీరియల్లో తల్లి వేషం వేస్తున్న ఆమెకు ఆ ఉదయం సెట్లో కొడుకు కనిపించలేదు. అతనితో ఎదురెదురుగా మాట్లాడాల్సిన సీను ఫోను సీనుగా మారిపోయింది.

"ఖర్చు తగ్గించమన్నారమ్మా. ఇకమీదట మీ అబ్బాయి ఫోన్లోనే," అన్నాడు డైరెక్టరు.

"మరి వాడేం చెబుతాడు?"

"అదింకా రాయలేదు. మీరు వింటూ కళ్లనీళ్లు పెట్టుకుంటే చాలు."

"మంచి వార్తకా, చెడ్డ వార్తకా?"

డైరెక్టరు రచయిత వైపు చూశాడు. రచయిత తల గోక్కున్నాడు.

"రెండింటికీ పనికొచ్చేట్టు ఏడవండమ్మా. వాడు తిరిగొస్తాడో, పోతాడో ఛానెల్ వాళ్లు తేల్చలేదు," అన్నాడు రచయిత.

ఆమెకు తలా తోకా తెలియలేదు. మోగని ఫోను చెవికి ఆనించుకుని ఏడ్చింది. సీను ఒక్క టేకులో అయిపోయింది. వెంటనే లైట్లు ఆర్పేశారు.

మేకప్ గదిలోకి వచ్చినా ఆ ఏడుపు ఆగలేదు. ఎందుకో ఆమెకే అంతుపట్టలేదు. ఉండబట్టలేక, కొడుకు వేషం వేసే నటుడికి ఫోను చేసింది.

"నేనే చేద్దామనుకుంటున్నానమ్మా. రేపు షూటింగుకి ఎన్నింటికి రమ్మన్నారు? నాకింకా ఎవరూ చెప్పలేదు," అన్నాడతను.

అతనికి విషయం తెలియదని ఆమెకు అర్థమైంది. చెప్పడం తన పనో కాదో మాత్రం తేలలేదు.

"భోంచేశావా నాన్నా?" అని అడిగింది.