మ్యాపు మీది బావి

గోబీ ఎడారిలో ఆ మ్యాపు గీసినవాడికి దారి చూపించిన పాపం నాదే. పన్నెండేళ్ల కిందట పట్నం నుంచి గొంచిగ్ వచ్చాడు. అతని మూడుకాళ్ల దుర్భిణిని వేసవంతా నా ఒంటెలే మోశాయి. శర్ బావి దగ్గర అతనికి చెప్పాను. "తమ్ముడూ, ఇది వానలు పడ్డాకే ఊరుతుంది. వసంతంలో వస్తే ఇసుకే తాగాలి."

గొంచిగ్ నవ్వాడు. "అక్కా, బావికి నాకిచ్చింది ఒకటే గుర్తు. ఎండిపోయే బావికి వేరేది ఎక్కణ్ణుంచి తేను?" అంటూ నీలిచుక్క పెట్టేశాడు. నేనూ నోరు మూసుకున్నాను. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఈ వసంతంలో మా పశుసంఘం అధ్యక్షుడు బద్రఖ్ అచ్చయిన ఆ మ్యాపు పట్టుకొచ్చాడు. ఈనిన నలభై ఒంటెల్నీ శర్ బావికి తోలమన్నాడు. మూడు రోజుల నడక. తల్లికి నీళ్లు లేకపోతే పాలు ఎండుతాయి, పిల్లలు చస్తాయి.

"అక్కడ నీళ్లుండవు," అన్నాను.

"ప్రభుత్వం కొలిచి రాసిందక్కా. నీ నోటిమాట నమ్మమంటావా?"

"కొలిచినవాడికి చెప్పింది ఈ నోరేరా!"

"అయితే అప్పుడు అబద్ధం చెప్పావా?"

గుడారంలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. సంఘం ఒంటెలు, కాదనే వీల్లేదు. "అయితే నువ్వూ రా. మొదటి గుక్క నువ్వే తాగుదువు," అన్నాను. పంతానికి వచ్చాడు.

మూడో రోజు పొద్దున మందతో చేరాం. మా ఆయనా నేనూ భుజం లోతు తవ్వినా తడి తగల్లేదు. పిల్లలు తల్లుల పొదుగులు కుమ్ముతున్నాయి. బద్రఖ్ మ్యాపుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇది ఆ బావి కాదు. నువ్వు దారి తప్పావు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు! పుట్టిన నేల మీద నేను దారి తప్పానట. పారతో నెత్తిన ఒక్కటేసేదాన్నే, పిల్లల అరుపులు ఆపాయి.

తూర్పుగా సగం రోజు నడిస్తే మా అమ్మ తవ్విన బావి ఉంది. గొంచిగ్‌కి దాన్ని చూపించలేదు. నలభై నోళ్లకే చాలే బావి. నాలుగు వందలొస్తే నెల తిరక్కుండా ఎండుతుంది. ఏడుస్తూ, తిడుతూ మందని అటే తోలాను.

ఒంటెలు తాగుతుంటే బద్రఖ్ అంగీలోంచి పెన్సిలు తీశాడు. "ఇంత మంచి బావిని దాచావా? పేరేంటక్కా? మ్యాపులో ఎక్కిస్తే వచ్చే ఏడు ఇంకో మూడు మందల్ని పంపొచ్చు."

చేదతో నీళ్లు తోడడం ఆపేశాను. "ముందు తాగు. తాగాక కూడా ఆ పెన్సిలు చేతిలో ఉంటే, తిరుగుదారి నీ మ్యాపునే అడుగు."

అతను చుట్టూ ఇసుకని చూశాడు. పెన్సిలు లోపల పెట్టాడు.

మర్నాడు మందని మా ఆయనకి వదిలి అతన్ని మా గుడారాల దగ్గర దిగబెట్టడానికి బయల్దేరాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, పెదాలు కదుపుతూ గుట్టల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. మూడు రోజుల దారిని ఆరు రోజులు తిప్పాను.