మాస్టారి జేబులో ఫ్యూజు

లిఫ్టు కింద ఒక గొయ్యి ఉంటుంది. ఎక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు, తెలియకపోవడం వాళ్ల అదృష్టం. నిలువెత్తు గొయ్యి, కాళ్ల కింద నూనె జిడ్డు, నెత్తిన టన్ను బరువు ఇనుము. పన్నెండేళ్లుగా అందులో దిగి పని చేస్తున్నాను. ఇవాళ నిచ్చెన మొదటి మెట్టు మీదే ఆగిపోయాను.

మాస్టారు పోయి పదిహేను రోజులైంది. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పిన మనిషి. ఆడపిల్లకి లిఫ్టుల పనేమిటని కంపెనీ అంతా నవ్వితే, "ఎవరు బాగుచేశారో లిఫ్టుకి తెలుస్తుందేమిట్రా?" అని నోళ్లు మూయించారు. ఆదివారం పొద్దున పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారు.

మా పద్ధతి ఎప్పుడూ ఒకటే. నేను దిగేముందు ఆయన కరెంటు పెట్టెలోంచి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవారు. గోతి అంచున నిలబడి జేబు తట్టి, "నీ ప్రాణం నా దగ్గరుంది, దిగమ్మా" అనేవారు. ఆ చప్పుడు వినబడితే చాలు, నాకు కొండంత ధైర్యం.

మూడు నెలల కిందట నేను గోతిలో ఉండగా లిఫ్టు జానెడు కిందికి దిగింది. అది పాత లిఫ్టు, తలుపు తెరిచి ఉన్నా కదిలే రోగం దానికి. నేను గోడకు బల్లిలా అతుక్కుపోయాను. మాస్టారు పెట్టె దగ్గరికి పరిగెత్తారు, లిఫ్టు ఆగింది. "పైనెవరో బటన్ నొక్కారులే" అన్నారు. ఫ్యూజు లేని లిఫ్టుకు బటన్ నొక్కితే ఏమవుతుంది? ఏమీ కాదు. అది తెలిసీ నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే మళ్లీ గోతిలో దిగలేను.

మర్నాటి నుంచి ఆయనకు కొత్త చాదస్తం పట్టుకుంది. గోతి గోడకు ఒక ఎర్ర స్విచ్చి ఉంటుంది, అది నొక్కితే లిఫ్టు కదలదు. ఎటూ ఫ్యూజు పీకుతున్నాం కదా అని దాన్ని మేమెప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పుడేమో "ఎర్రది నొక్కావా?" అని మూడుసార్లు అడిగేవారు. మూడుసార్లూ "నొక్కాను మాస్టారూ" అనాలి. ఒకరోజు ఒళ్లు మండి, "చెవిలో జోరీగలా ఏమిటండీ, నాకేమైనా చెవుడా?" అన్నాను. ఆయన నవ్వలేదు. "నాలుగోసారి చెప్పు" అన్నారు. మూతి ముడుచుకుని చెప్పకుండా పనిలో పడ్డాను.

ఇవాళ పొద్దున పిన్ని కబురు పెట్టింది. మాస్టారి భార్యను నేను పిన్నీ అనే పిలుస్తాను. ఆయన పనిముట్ల సంచీ ఇచ్చి, అరచేతిలో ఒక ఫ్యూజు పెట్టింది.

"అవసరానికి ఉంటుందని అదనంగా ఒకటి జేబులోనే ఉంచుకునేవారు తల్లీ. మూడు నెలల కిందటి నుంచి పోయేదాకా రోజూ ఇంటికొచ్చి దీన్ని చూస్తూ కూర్చునేవారు. 'పీకడం మరిచిపోయానే. జేబు తడితే ఇది తగిలింది, పీకేశాననుకున్నానే. పిల్లని చంపేసేవాణ్ణే' అని ఒకటే గొణుగుడు."

"మరి నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"సిగ్గుపడ్డారమ్మా. పని మానేయండి అని పోరాను. 'పిల్లకి ఆ ఎర్ర స్విచ్చి అలవాటయ్యేదాకా ఆగవే' అన్నారు."

నాకు ముందు కోపమొచ్చింది. ఆ మీద భయమేసింది. ఆయన మరిచిపోయింది ఆ ఒక్కరోజేనా? అడుగుదామంటే మనిషి లేడు.

ఇప్పుడు గోతి అంచున తొందరబాబు ఉన్నాడు. నా కొత్త జోడీ, ఆ పేరు మేం పెట్టిందే. ఫోను చెవికి ఆనించుకునే జేబు తట్టాడు.

"పీకేశానక్కా, దిగు."

ఆ చప్పుడుకి నా ఒళ్లు చల్లబడింది. నిచ్చెన మీంచి పైకొచ్చి, వెళ్లి పెట్టె తెరిచి చూశాను. ఫ్యూజు లేదు, నిజంగానే పీకాడు. అయినా భయం తగ్గలేదు. తిరిగొచ్చి ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాను. చేయి చాచి ఎర్ర స్విచ్చి నొక్కాను. పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

"నొక్కాను మాస్టారూ" అన్నాను. ఇంకో రెండుసార్లు అన్నాను.

"ఎవరితో అక్కా?" అన్నాడు తొందరబాబు.

ఆరోజు చెప్పకుండా ఎగ్గొట్టిన నాలుగోసారి కూడా చెప్పాను.