పాట నడిమధ్యలో ఉండాలి

సంగీతం టీచరు కారు మూడోసారి షాపు ముందు ఆగేసరికి మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. కార్లకి సౌండు బిగించేవాళ్లు వీధికొకరున్నారు. కానీ ఖరీదైన సామాను కొనుక్కుని, అది నిజంగా పాడాలనుకునేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఈయన దగ్గరికే. పాడే మనిషి గొంతు ఏ తలుపులోంచీ రాకూడదు, డాష్‌బోర్డు నడిమధ్యలో నిలబడి పాడుతున్నట్టుండాలి. అది కుదర్చడానికి మిగతావాళ్లు సీట్లో మైకు పెట్టి లాప్‌టాప్‌లో గీతలు చూసుకుంటారు. మేస్త్రి కళ్లు మూసుకుని కూర్చుంటాడు, అంతే. ఇరవై రెండేళ్లుగా అదే పద్ధతి. అందుకే "చెవుల మేస్త్రి" అన్న పేరు పడింది. ఆ పేరంటే ఆయనకి లోలోపల వల్లమాలిన మురిపెం. పైకి మాత్రం, ఎందుకొచ్చిన పేర్లండీ అంటాడు.

టీచరు ముక్కుసూటి మనిషి. దిగీ దిగగానే మొదలుపెట్టింది.

"గొంతు ఎడమ కిటికీలోంచి దూకేసేలా ఉందండీ. ఆ పక్క సన్న శబ్దం వచ్చినప్పుడల్లా చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంది. నాలుగింటికి వస్తాను. అప్పటికీ కుదరకపోతే మొత్తం ఊడదీసి ఇచ్చెయ్యండి. ఇంకోచోట చూపించుకుంటాను."

ఆవిడ అటు వెళ్లగానే మేస్త్రి సీట్లో కూర్చుని పాట పెట్టాడు. గొంతు నడిమధ్యలోనే ఉంది, దారం పట్టి కొలిచినట్టుంది. చాదస్తం అనుకుని దిగిపోదామనుకున్నాడు. కానీ ముప్ఫయ్యేళ్లుగా పిల్లల అపస్వరాలు పట్టుకుంటున్న మనిషి ఊరికే అంటుందా? ఆ అనుమానం మనసులో జొరబడి ఇక కుదురుగా ఉండనివ్వలేదు.

కాలుకాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగాడు. ఎడమ తలుపు అట్ట ఊడదీశాడు. లోపల రేకు అదరకుండా అంటించిన నల్లటి షీట్లు వేలితో నొక్కి చూశాడు. ఎక్కడా లేవలేదు. అట్ట మళ్లీ బిగించాడు. బిగించాక నమ్మకం చాలక మళ్లీ ఊడదీశాడు. ఒక క్లిప్పు విరిగింది. దాన్ని తిట్టాడు.

"బావా, టీ చల్లారిపోతోంది," అన్నాడు పక్క కారులో సీటు కింద దూరి ఆంప్లిఫయరు బిగిస్తున్న బావమరిది.

"చల్లారనీ!"

బావమరిది మళ్లీ సీటు కింద దూరాడు. పన్నెండేళ్లుగా ఈ షాపులో వైర్లన్నీ అతనివే, గొంతు కుదర్చడం మాత్రం బావదే. ఆ సీట్లో అతను ఒక్కనాడూ కూర్చోలేదు.

ఇలా లాభం లేదని మేస్త్రి లాప్‌టాప్ తెరిచి, ఏ పక్క ఎంత మోగాలో తను పెట్టిన సర్దుబాట్లన్నీ తీసేసి, రెండు పక్కలా సమానం చేసి విన్నాడు. ఎడమవైపు సన్న శబ్దాలు నీరసంగా, గుడ్డ కప్పినట్టు వినిపించాయి. ప్రాణం లేచొచ్చింది. ఆ పక్క ట్వీటర్ చచ్చుది, అందుకే తను దాన్ని పెంచి ఉంటాడు! కిటికీల పక్క బిగించిన ఆ చిన్న స్పీకర్లు రెండూ పీకి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చాడు. ఇప్పుడు నీరసం కుడికి వెళ్లాలి కదా, వెళ్లలేదు. వైర్లు అటూ ఇటూ మార్చాడు. అయినా ఎడమే నీరసం. గడియారం చూశాడు, మూడుంబావు.

మార్చడానికి కారులో ఇంకేమీ మిగల్లేదు. మిగిలింది తనొక్కడే. ఆ ఆలోచన రాగానే సీట్లో మోకాళ్ల మీద లేచి, తల దిండుని కావలించుకుని, వెనక్కి తిరిగి విన్నాడు.

"ఏంటి బావా, వెనక సీట్లో దేవుడున్నాడా?" అన్నాడు బావమరిది.

మేస్త్రికి నవ్వు రాలేదు. కారుకి కుడివైపున్న ట్వీటర్ ఇప్పుడు తన ఎడమ చెవి దగ్గరుంది. ఇందాకటిదాకా గలగలమన్నది, ఇప్పుడు అదే నీరసపడింది.

చాలాసేపు అలాగే ఉండిపోయాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. లోకమంతా తన చెవుల్ని నమ్ముకుని వస్తోంది, ఆ చెవుల్లో ఒకటి తనకి చెప్పకుండానే వెళ్లిపోయింది. ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. కోపం బావమరిది మీదికి పోయింది.

"ఇలా రారా. కూర్చో. ఇందాకటి నా సర్దుబాట్లే మళ్లీ పెడతాను, గొంతు ఎక్కడుందో చెప్పు."

మేస్త్రి పక్క సీట్లోకి జరిగాడు. బావమరిది చేతులు తుడుచుకుని, బెరుగ్గా ఆ సీట్లో కూర్చుని విన్నాడు.

"ఎడమ కిటికీలో ఉంది బావా."

"ఈ కారొక్కటేనా?"

అతను తలొంచుకున్నాడు. "ఆర్నెల్ల నించీ అన్నీ ఇంతే."

"నోరు పడిపోయిందా చెప్పడానికి?"

"ఒకసారి చెప్పబోయాను. నీకేం తెలుసు, వైర్లు చూసుకో అన్నావు. నా వైర్లు నేను చూసుకున్నాను."

"మీ అక్కకి తెలుసా?"

"అక్క ఎప్పట్నించో నీకు కుడిపక్కనే కూర్చుని మాట్లాడుతోంది. నువ్వే గమనించలేదు."

"నువ్వే కుదుర్చు," అని మేస్త్రి కారు దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అక్కడా నిలవలేక పానాలన్నీ సైజువారీగా పేర్చాడు, మళ్లీ చెదరగొట్టి పేర్చాడు.

టీచరు నాలుగింటికి ఐదు నిమిషాల ముందే వచ్చింది. కూర్చుంది, సగం పాట విన్నది, మొహం విప్పారింది.

"ఇదీ! ఇదేనండీ నేను మొత్తుకున్నది. మీ చెవులకి దణ్ణం పెట్టాలి."

బావమరిది కింద పడిన స్క్రూలు ఏరుకోవడంలో మునిగిపోయినట్టు నటించాడు. అవునండీ అంటే చాలు, పేరు నిలబడుతుంది. షాపు ఎప్పటిలా నడుస్తుంది. మేస్త్రి ఆ మాట అనబోయి, అనలేకపోయాడు.

"నా చెవులు కాదండీ. నా ఎడమ చెవి సగం పోయింది. దానికి సరిపడేట్టు మీ కారుని పాడుచేశాను. ఇవాళ సరిచేసింది మా బావమరిది."

అని, భయంగా ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కారు దిగి తలుపు తెరిచి పట్టుకుంది.

"మీరూ ఒకసారి వినండి."

మేస్త్రి కూర్చుని కళ్లు మూసుకున్నాడు. గొంతు కుడి కిటికీని అంటిపెట్టుకుని వినిపించింది. చెయ్యి అలవాటు కొద్దీ లాప్‌టాప్ మీదికి పోయింది. ఎడమవైపు రవ్వంత పెంచితే చాలు, నడిమధ్యకి వచ్చేస్తుంది. ఇకమీదట సరిగ్గా ఉన్న ప్రతి కారూ తనకి ఇలా వంకరగానే వినిపిస్తుంది, బతికినన్నాళ్లూ. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎక్కడుందిరా గొంతు?"

"నడిమధ్యలో బావా."

"అయితే ముట్టుకోకు," అన్నాడు మేస్త్రి.