ఎవరి మీద కట్టిన పాట

ముందుగా గోడలు అదిరాయి. దూరాన మొదలైన మోత దగ్గరికొచ్చేసరికి వంటింటి అరలోని స్టీలు గ్లాసులు ఒకదానినొకటి ఒరుసుకుని సన్నగా మోగాయి. ఆ మోత నడుమ ఒక ఆడగొంతు, చీల్చి పరుగెత్తించినట్టు, లేస్తూ విరుగుతూ వినబడింది. "ఓ... ఓ ఓ ఓ..." సారక్క చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ గొంతు తనది.

గడప దాటి చూసింది. సెంటినరీ కాలనీ క్వార్టర్ల వరుసల మధ్య పెండ్లి బరాతు కదులుతోంది. వ్యాను మీద పేర్చిన స్పీకర్ పెట్టెల్లోంచి పాట, వ్యాను ముందు కుర్రాళ్ల ఆట. పెండ్లికొడుకును భుజాలకెత్తుకుని ఊపుతున్నారు.

"టిఫిను డబ్బ సల్లగాకముందే
బాయి నిన్ను సల్లజేసెనా... ఓ..."

చావింట పాడే శోకంలో ప్రతి చరణం చివరా పోయినవాళ్లను పిలవాలి. తల్లి కొడుకా అంటుంది, చెల్లె అన్నా అంటుంది. దానికి తోడు పేరు కూడా కలుపుతుంది. కానీ పెనిమిటి పేరు పెండ్లాం నోట రాకూడదు. వస్తే ఆయనకు ఆయుష్షు తరుగుతుందని సారక్క పెరిగిన ఇంట నమ్మకం. కనుక బొగ్గుబాయిలో బండ పడి పోయిన పెనిమిటి శవం ముందు కూర్చుని కూడా ఆమె పేరు పలకలేదు. పేరుండవలసిన చోట 'ఓ' అని మాత్రం ఏడ్చింది. ఇప్పుడు ఆ ఏడుపును కోసి, ముక్కకు ముక్క అతికించి, దానికి ఆట కట్టారు.

"అమ్మా, లోపలికి రా," అంటూ కూతురు దీప చేయి పట్టుకుంది. "అందరు చూస్తున్రు."

"చూస్తలేరు బిడ్డా. ఎగురుతున్రు."

మర్నాడు తల్లీకూతుళ్లు గోదావరిఖనిలో ఉపేందర్ రికార్డింగు స్టూడియోకు వెళ్లారు. గోడలకు గుడ్ల అట్టలు అంటించిన ఇరుకు గది అది. ఆయన సంవత్సరీకం నాటికి పాట మిగిలి ఉండాలని, పిల్లలు వింటారని, ఆ గదిలోనే సారక్క పాడింది. పాడి వచ్చేటప్పుడు ఉపేందర్ చూపిన కాగితం మీద సంతకం పెట్టింది.

"రా సారక్కా, కూసో. చాయ్ తాగుతవా?"

"చాయ్ గీయ్ వద్దు తమ్మీ. పాట తీసెయ్యి."

"తీసుడేంది! నీ పాట లేకుంటే డీజే బండి కదలదు. మస్తు మషూరైనవ్ అక్కా!"

"పీనుగ ముంగట ఏడ్సిన ఏడుపది. దానికి ఎగురుతున్రు."

"పీనుగ మీదిదని ఎవలకెరుక? జానపదమని నెట్ల పెట్టిన. నువ్వే గదా చెప్పినవ్." ఉపేందర్ కంప్యూటర్‌లో పాత రికార్డింగు తెరిచాడు. ముందు అతని గొంతు: "ఎవల మీద కట్టినవ్ అక్కా?" తర్వాత సారక్క గొంతు: "ఒక్కల మీదనా తమ్మీ... అందరి ఏడుపే. బాయి మీద బతికెటోల్లందరిది."

"ఇన్నవా? అందరిదైతే నీది ఎట్లైతది?"

ఆనాడు ఎవల మీద అని అడిగినప్పుడు ఆయన పేరు సారక్క గొంతు దాకా వచ్చింది, మింగింది. మింగిన చోట నోటికి దొరికిన మాట అది. కాలనీలో ఏ ఇల్లాలిని అడిగినా అట్లాగే తప్పుకునేది.

వకీలు హన్నా సారక్క సంతకం పెట్టిన కాగితాన్ని రెండువైపులా చదివింది. హన్నా తండ్రి గిడియోన్ ఒకప్పుడు సారక్క పెనిమిటితో ఒకే షిఫ్టులో బాయి దిగినవాడు.

"సారక్కా, పాటను వాడుకునే హక్కు రాసిచ్చినవు. కానీ కట్టింది నేనే అని చెప్పుకునే హక్కు, దాన్ని ఖరాబు చేస్తే అడిగే హక్కు, అవి రాసిచ్చినా పోవు. చట్టం గట్లనే ఉన్నది."

"మరింకేంది అక్కా?" అంది దీప ఆశగా.

"పాతకాలపు పాటకు కట్టినోల్లు ఉండరు. ఇది పాతదేనని ఉపేందర్ అంటున్నడు. అమ్మ మాటే సాక్ష్యంగ చూపిస్తడు. పాటల ఒక పేరు లేదు, ఒక గుర్తు లేదు." హన్నా కాగితం మడిచింది. "గెలిచినా సుత, ఫోన్లల్లకు పోయిన పాట మళ్ల రాదు అక్కా. గా మాట ముందే చెప్తున్న."

"రాకుంటే రాకపాయె. నాదని తేలాలె."

కేసు నడిచింది. నడుస్తుండగానే పెండ్లి ముహూర్తాలు వచ్చాయి, పోయాయి. వ్యాను వచ్చిన ప్రతిసారీ దీప తలుపులు మూసేది. మూసిన తలుపుల్లోంచి కూడా మోత వచ్చేది. సారక్క పాడటం మానుకుంది. ఎవరింట చావైనా వెళ్లి మూలన కూర్చునేది. ఆమె నోరు తెరిస్తే పిల్లలు డీజే పాట అని గుర్తుపట్టి నవ్వేవారు.

జిల్లా కోర్టు బోనులో ఆమె నిలబడిన పూట ఉపేందర్ తరఫు వకీలు మెల్లగా, మర్యాదగా అడిగాడు.

"ఈ వాంగ్మూలంలో మీ భర్త పేరు ఉంది. రాసింది మీ వకీలు కదమ్మా?"

"రాసిందామెనే. సంతకం నాది."

"స్టూడియోలో ఏమన్నారు? అందరిదీ అన్నారు. మరి ఈ పాట ఎవరి మీద కట్టారు?"

సారక్క కూతురి వైపు తిరిగింది. "బిడ్డా, నువ్వు చెప్పు."

"సాక్షి మీరమ్మా," అన్నాడు జడ్జి. "మీరే చెప్పాలి."

"కట్టినామెకే తెలవదట!" అని వెనుక బెంచీలో ఎవరో గొణిగారు, సన్నగా నవ్వు లేచింది. ఉపేందర్ తల ఎత్తలేదు.

ఆయుష్షు తరుగుతుందన్న భయం ఇప్పుడు లేదు. తరగడానికి ఆయనకు మిగిలిందేమీ లేదు. అయినా ఆ పేరు ఆమె ఎన్నడూ పలికింది కాదు. దీప పుట్టిన నాటి నుంచి దీపోల్ల బాపు అనే పిలిచింది. బట్టలిచ్చి బాయికి పంపినప్పుడు అదే. దవాఖాన ముందు గుడ్డ తొలగించి గుర్తుపట్టమన్నప్పుడూ అదే. ఆయనది అంటూ ఎవరికీ ఇవ్వకుండా, ఎవరికీ వినిపించకుండా తన దగ్గర ఉంచుకున్నది ఆ పేరొక్కటే. దాన్ని ఈ గదిలో, ఈ మనుషుల ముందు పెడితే తప్ప ఆ ఏడుపు తనది కాదు.

"చెప్పకపోతే ఎవరి మీదా కాదని రాసుకోమంటారా?" అన్నాడు వకీలు.

సారక్క బోను కర్రను రెండు చేతులా పట్టుకుంది. కండ్లు మూసుకోలేదు.

"నా పెనిమిటి మీద కట్టిన," అంది. "ఆయన పేరు సదానందం."