మంత్రిగారు నొక్కేదాకా

నేను ఒక బటన్‌ను. చొక్కాకు కుట్టే బటన్‌ను కాదు. ఆ అదృష్టమే ఉంటే రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు నన్ను ముట్టుకునేవారు. రోడ్డు దాటాలనుకున్న మనిషి నొక్కితే, వచ్చే బండ్లకు ఎర్రదీపం వేసి, ఆ మనిషికి దారి ఇప్పించే బటన్‌ను. పసుపురంగు డబ్బా, దాని నడుమ గుండ్రటి మీట. ఒక్క వేలు చాలు నాకు. ఆ ఒక్క వేలు కోసం నేను పడ్డ అవస్థ వింటే మీకు నవ్వొస్తుంది. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పుట్టింది హైదరాబాద్ శివార్లలో ఒక రేకుల షెడ్డులో. నన్ను బిగించిన అమ్మాయి డబ్బాలో పెట్టే ముందు చెవి దగ్గర ఆనించుకుని నా రెండు గొంతులూ విన్నది. అవును, నాకు రెండు గొంతులున్నాయి. ఊరకే ఉన్నప్పుడు 'టిక్... టిక్...' అంటూ ఉంటాను. చూపులేనివాళ్ళు నేనెక్కడున్నానో కనిపెట్టడానికి అది. ఎవరైనా నొక్కాక, బండ్లకు ఎర్రదీపం పడ్డాక, 'కిక్‌కిక్‌కిక్' అని గబగబా కూస్తాను. ఇక నడవొచ్చు అని దానర్థం. ఈ రెండు గొంతులూ గుర్తుంచుకోండి. ఒక ప్రాణం వాటిమీద ఆధారపడబోతోంది.

నన్ను కొన్న నగరం పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు కాదంటారు, మిగతా ఊళ్ళవాళ్ళు మాదేనంటారు. రైల్వేస్టేషన్ నుంచి పెద్దాసుపత్రి దాకా ఉన్న రోడ్డును బాగుచేస్తున్నామన్నారు. నడిచేవాళ్ళకు వెడల్పాటి ఫుట్‌పాత్. సైకిళ్ళకు ఎర్రరంగు పూసిన దారి. నడిరోడ్డులో బస్సులకు మాత్రమే ఒక వరస. బస్టాపును ఫుట్‌పాత్ పక్కనుంచి పెకలించి తీసుకెళ్ళి ఆ వరస పక్కన పెట్టారు. బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కోదు. ఆలోచన బ్రహ్మాండం, నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే బస్సెక్కాలంటే ముందు మూడు వరసల బండ్లను దాటి బతికి ఉండాలి. అందుకే నేను.

స్తంభానికి బిగించిన రోజు వైరింగ్ మనిషి నన్ను పరీక్షగా ఒకసారి నొక్కాడు. ఎర్రదీపం పడింది. వాటర్ ట్యాంకరు ఆగింది. బైకులు గొణుక్కుంటూ ఆగాయి. ఒక పెద్దాయన అనుమానంగా రోడ్డు మధ్యదాకా వెళ్ళి, ఆగిన బండ్లన్నిటికీ దండం పెట్టి, మిగతా సగం పరుగెత్తాడు. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

అప్పుడు ఇంజనీర్ ప్రభంజన్ సారు చెయ్యెత్తాడు.

"చాలు చాలు. గోనెలు కప్పుండ్రి. ముందుగాల మంత్రి సారు నొక్కాలె."

"కరెంటు బందు చెయ్యాల్నా సార్?" అని అడిగాడు వైరింగ్ మనిషి.

"పిచ్చా? రన్నింగ్‌ల ఉన్నట్టు పైకి రాసి పంపిన. కరెంటు ఉండనియ్యి. పైనుంచి కప్పు."

దీపాలకు గోనెలు. నాకో గోనె. సుతిలి తాడుతో ఉరేసినట్టు కట్టారు. లోపల నేను బతికే ఉన్నాను. టిక్. టిక్. టిక్.

ఆషాఢమన్నారు, ప్రారంభోత్సవాలు చెయ్యకూడదట. శ్రావణం వచ్చింది, మంత్రిగారు ఢిల్లీ వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేసరికి మూఢం వచ్చింది. మూఢం దిగేసరికి ఎన్నికల కోడ్ వచ్చింది. ఈలోపల జనం రోజూ చేతులు అడ్డం పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, పిల్లల్ని చంకనేసుకుని పరుగులు తీస్తూనే ఉన్నారు. సైకిళ్ళ దారిలో సైకిల్ తప్ప అన్నీ ఉన్నాయి. పానీపూరి బండి, పెళ్ళి బ్యాండు వ్యాను, నా స్తంభానికి ఆనుకుని కొమురయ్య చెరకురసం బండి. కొమురయ్య నా మెడలోని సుతిలికి నిమ్మకాయల సంచి తగిలించేవాడు. పట్టణాభివృద్ధిలో నాకు దక్కిన మొదటి ఉద్యోగం అది.

ఇలా ఉండగా ఒక పొద్దున పసుపు పలకల మీద కర్ర చప్పుడు వినిపించింది.

ఫుట్‌పాత్ పొడవునా గీతలున్న పసుపు పలకలు పరిచారు. చూపులేనివాళ్ళు కర్రతో తడుముకుంటూ వాటివెంట నడవాలని. అవి నేరుగా నా కాళ్ళ దగ్గరికొచ్చి ఆగుతాయి. ఆ కర్ర కూడా అక్కడే ఆగింది. పట్టుకున్నావిడ పేరు సంపూర్ణ. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. బస్టాపు పాతచోట ఉన్నన్నాళ్ళూ ఒంటరిగానే వెళ్ళొచ్చింది. అది నడిరోడ్డుకు పోయినప్పటినుంచి తమ్ముడు ఓదేలు బైకుమీద ఆస్పత్రిదాకా దింపుతున్నాడు. ఆ రోజు అతను ఊళ్ళో లేడు.

ఆమె తల వంచి విన్నది. టిక్. టిక్.

"కొత్త సిగ్నల్ ఇదేనా? లోపట ఏదో కొట్టుకుంటున్నదే," అంటూ గోనె మీదినుంచే అరచేత్తో నొక్కింది.

నేను నా పని చేశాను. బండ్లకు ఎర్రదీపం వేశాను, గోనె వెనకాల. ఆమెకు 'కిక్‌కిక్‌కిక్' అన్నాను, గోనెలోంచే. దీపం చూడలేని మనిషికి నా గొంతు వినిపించింది. దీపం చూడగలిగిన బండ్లకు గోనె కనిపించింది. ఆమె ధైర్యంగా అడుగేసింది.

కొమురయ్య కేక వేశాడు. ఆటో బ్రేకు కీచుమన్నది. చక్రం ఆమె కర్రమీదినుంచి పోయి, కాలికి జానెడు దూరంలో ఆగింది.

"కండ్లు కనవడ్తలేవా?" అని అరిచాడు ఆటోవాడు.

"ఊహూ," అన్నది సంపూర్ణ, విరిగిన ముక్క కోసం నేలమీద వెతుక్కుంటూ. "నీకు?"

ఆటోవాడు కిందికి దిగి, తలొంచుకుని ఆ ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు.

సంగతి తెలిసి ఇంజనీర్ సారు స్వయంగా వచ్చాడు. స్తంభం చుట్టూ తిరిగాడు. ఆలోచించాడు. ఈసారి ఏదో జరుగుతుందని నేను ఆశపడ్డాను. "ఇంకో గోనె కప్పుండ్రి" అని చెప్పి జీపెక్కాడు.

ఓదేలు ఊరినుంచి వచ్చాక అక్కను నా దగ్గరికే తీసుకొచ్చి, ఆటో ఎక్కడ ఆగిందో చూశాడు.

"చచ్చిపోతుంటివి గదక్కా! వచ్చే సోమవారం సంది నాకు పొద్దుగాల డ్యూటీ. దింపనీకి నాతోని కాదు. ఇగ నౌకరి బందుపెట్టు. నేను సాదుకుంట."

"నువ్వు నన్ను సాదుడేంది తమ్మీ? మొన్నటిదాక నీ ఫీజులు నేను కట్టిన."

"అది వేరే ముచ్చట."

"గదే ముచ్చట." ఆమె నా స్తంభాన్ని వేళ్ళతో తట్టింది. "ఎన్నికల కోడ్ ఎత్తేసిండ్రట. సోమవారమే మంత్రి వస్తడట, దీని గోనెలు ఇప్పుతరట. ఆ దినం నీ చెయ్యి పట్టకుండ దాటుత. టైముకు డ్యూటీల ఉంట. దాటకపోతె నువ్వు చెప్పినట్టే ఇంట్ల కూసుంట. ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్న," అన్నాడు ఓదేలు, గెలిచేశానన్న ధైర్యంతో.

సోమవారం నా చుట్టూ షామియానా లేచింది. మంత్రిగారి ఫ్లెక్సీ ఎంత పెద్దదంటే జీబ్రా గీతల్లో సగం దానికిందే పోయాయి. పానీపూరి బండి మాయమైంది, బ్యాండు వ్యాను మాయమైంది. కొమురయ్యను మాత్రం ఉంచారు, పోలీసులకు రసం కావాలి కాబట్టి. గోనెలన్నీ తీసేశారు. దీపాలను తుడిచారు. తీరా నాకు మాత్రం ఎర్ర మఖమల్ గుడ్డ కప్పి, బంతిపూల దండ వేసి, ముందు రిబ్బను కట్టారు. జనాన్ని మోకు వెనకాల నిలబెట్టారు. రోడ్డు దాటించే బటన్‌ను ప్రారంభించడం కోసం ఆ రోజు ఎవరినీ రోడ్డు దాటనివ్వలేదు.

సంపూర్ణ కొత్త కర్రతో వచ్చింది. వెనకే ఓదేలు, అరపూట సెలవుపెట్టి.

"ఆగమ్మా," అన్నాడు హోంగార్డు. "మంత్రి సారు నొక్కేదాక ఎవ్వలు దాటొద్దు."

"ఎప్పుడొస్తడు?"

"వచ్చినప్పుడు వస్తడు."

ఆయన ఎంతకీ రాలేదు. పురోహితుడు ముహూర్తం దాటిపోయిందన్నాడు. కొంచెంసేపటికి ఇంకో ముహూర్తం దొరికిందన్నాడు. నడిరోడ్డు బస్టాపులోకి ఆస్పత్రి బస్సు వచ్చి ఆగింది. ఇది పోతే మళ్ళీ బస్సు వచ్చేసరికి ఆమె డ్యూటీ వేళ దాటిపోతుంది.

"పా అక్కా," అన్నాడు ఓదేలు. అతని మాటలో గెలుపు లేదు, జాలి ఉంది. అదే ఆమెను పొడిచిందనుకుంటాను. "ఇగ ఇంటికి పోదాం."

దూరంగా సైరన్ మోగింది. "సారొచ్చిండు!" అని కేకలు. ఇంజనీర్, హోంగార్డు, పురోహితుడు, కెమెరాలు, మోకు పట్టుకున్న పోలీసులు, అందరి ముఖాలూ ఒకేసారి అటు తిరిగాయి.

సంపూర్ణ మాత్రం నావైపు తిరిగింది.

"కొమురన్నా, దీపాల మీద గోనెలు తీసిండ్రా?"

"తీసిండ్రమ్మా. మంచిగ తుడిసిండ్రు గూడ."

"బండ్లకు అవుపడ్తయా?"

"అద్దంలెక్క అవుపడ్తయి," అన్నాడు కొమురయ్య. అప్పటికి అతనికి విషయం అర్థమైంది. రసం గ్లాసు కింద పెట్టి, హోంగార్డుకూ ఆమెకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

ఆమె విన్నది. టిక్. టిక్. చెయ్యి రిబ్బను కిందినుంచి వచ్చింది. మఖమల్ కిందికి దూరింది. బంతిపూలు రాలాయి. ఆ వేలు నన్ను తాకింది. గోనె లేదు, సుతిలి లేదు, వట్టి వేలు.

నొక్కింది.

ఎర్రదీపం పడింది. కాన్వాయ్ ముందున్న పైలట్ జీపు డ్రైవరుకు జీవితంలో ఎర్రదీపం దగ్గర ఆగే అలవాటు లేదు. కానీ షామియానా చూశాడు, పూలు చూశాడు, వెలిగిన దీపం చూశాడు. ఇదంతా కార్యక్రమంలో భాగమనుకుని ఠక్కున ఆపాడు. వెనకాల కార్లన్నీ వరసగా ఆగాయి. సైరన్ ఒక్కటే ఏడుస్తోంది. దాన్ని మించి నేను కూశాను: కిక్‌కిక్‌కిక్‌కిక్!

సంపూర్ణ మోకు కిందినుంచి వంగి రోడ్డుమీదికొచ్చింది. కర్ర టకటకమంటోంది. ఆమె వెనకాల టిఫిన్ డబ్బాలు, కాలేజీ సంచులు, మోకాళ్ళ నొప్పులు, అందరూ కదిలారు. మోకు నేలమీద పడింది. ఓదేలు రోడ్డు మధ్యదాకా పరుగెత్తాడు, చెయ్యి చాపాడు, మళ్ళీ తనే ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బస్సు మెట్టు మీదినుంచి ఆమె కేక వేసింది. "తమ్మీ! సగం పూట మిగిలింది. డ్యూటీకి పో!"

బస్సు కదిలింది. మంత్రిగారు కారు దిగి షామియానాలోకి వచ్చారు. రిబ్బను కత్తిరించారు. బొటనవేలితో నన్ను నొక్కారు.

ఏమీ కాలేదు. ఒకసారి దారి ఇచ్చాక బండ్లు కాసేపు పోవాలి కదా. నన్ను అలాగే తయారుచేశారు. ఆ కాసేపు ఎవరు నొక్కినా వేచి ఉండాల్సిందే. మంత్రిగారు మళ్ళీ నొక్కారు. ఇంకా గట్టిగా నొక్కారు. ప్రభంజన్ సారు ముఖాన చెమట కాలువకట్టింది.

"సార్, నొక్కినట్టు పట్టుకోండి, అంతే చాలు," అన్నాడు ఫొటోగ్రాఫరు. ఫొటో దిగింది. చప్పట్లు మోగాయి. ఆయన కారెక్కి బయల్దేరిన క్షణాన నా వేచి ఉండే వేళ ముగిసింది. ఎర్రదీపం వేశాను. ఆయన వెళ్ళిపోయారు, వెనకున్న విలేకరుల వ్యాను ఆగిపోయింది.

ఇక నాకు మంచిరోజులు వచ్చాయనుకున్నారా? అదే సాయంత్రం నా దగ్గర మీటింగు పెట్టారు.

"ఎవ్వడు పడితె వాడు నొక్కుతె ఎట్ల నడుస్తది?" అన్నాడు ప్రభంజన్ సారు. "రేపు ఇంకో వీఐపీ వస్తడు. జాలీ కొట్టించి తాళమెయ్యుండ్రి. తాళంచెవి హోంగార్డు దగ్గరుంటది."

ప్రజల కోసం ప్రారంభించిన మర్నాడే నన్ను ప్రజలనుంచి కాపాడటానికి ఇనుప జాలీ వచ్చింది. అదే పొద్దున హోంగార్డును జాతర బందోబస్తుకు పంపారు, జేబులో తాళంచెవితో సహా. అతను ఇప్పటికీ తిరిగి రాలేదు.

కర్ర చప్పుడు వినిపించింది. ఒంటరిగా వచ్చింది. వేళ్ళు జాలీని తడిమాయి, తాళాన్ని తడిమాయి.

"తాళమేసిండ్రమ్మా," అన్నాడు కొమురయ్య. "సందులకెల్లి వేలు వట్టది. నేను సూసిన."

నేను టిక్ టిక్ అంటున్నాను. ఇంకేం చెయ్యగలను? సంపూర్ణ జాలీ సందు మీద చిటికెనవేలు ఆనించి చూసుకుంది. తర్వాత కర్ర పైకెత్తి, కొనను సందులోంచి పోనిచ్చి, టిక్‌మన్న చోట సూటిగా పొడిచింది.

కిక్‌కిక్‌కిక్.

అప్పటినుంచి పొద్దున్నే నా దగ్గర జనం గుమిగూడి, "సంపూర్ణమ్మ రాలేదా ఇంకా?" అని అడుగుతారు. మిగతా వేళలకు కొమురయ్య ఏర్పాటు చేశాడు. సన్నటి చెరకు గడ ఒకటి చెక్కి నా స్తంభానికి ఆనించి ఉంచుతాడు. కావలసినవాళ్ళు తీసుకుని, పొడిచి, దాటుతారు. ఒంటినిండా జిగట. చీమలు. వేలికోసం పుట్టిన బటన్‌ను చెరకుతో పొడిపించుకుంటున్నాను. నాకు దీపాలు పెట్టి పూజ చెయ్యమనలేదు. కాస్త తుడిస్తే చాలు.

నిన్న ప్రభంజన్ సారు జీపు పాడైంది. బస్సెక్కుదామని నా దగ్గరికొచ్చాడు. తాళం చూశాడు. హోంగార్డు కోసం చూశాడు. రోడ్డుమీద బండ్లు ఆగకుండా పోతున్నాయి. ఒక అడుగు ముందుకేశాడు, హారన్ మోగింది, రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్," అన్నాడు కొమురయ్య, నోట్లో నవ్వు దాచుకుని. "గీ చెరకు పట్టుండ్రి. ఊరందరు గిట్లనే నొక్కుతుండ్రు."

సారు అటూ ఇటూ చూశాడు. గడ అందుకున్నాడు. పొడిచాడు.

ఎర్రదీపం వేశాను. ఎవరు నొక్కారని చూడటం నాకు చేతకాదు.