చదివి వినిపించగా

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది అరవై ఒకటో ఏట. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నిండడానికి రెండు రోజులు పడుతుంది. నా సంగతి నా నోటితో చెప్పుకునే మొహం నాకు లేదు. అందుకని మా కిటికీ గూట్లో ఉన్న ఇంకు ప్యాడుకు ఆ పని అప్పజెప్పాను. జరిగిందంతా దాని ముందే జరిగింది.

నేను ఒక ఇంకు ప్యాడును. అరచేతిలో పట్టే రేకు డబ్బా, లోపల మెత్తటి గుడ్డ, గుడ్డ నిండా ఊదా రంగు సిరా. హైదరాబాదులో ఒక ఇరుకు గల్లీలో అత్తాకోడళ్లు ఇద్దరు నన్ను తయారుచేశారు. అత్త గుడ్డ కత్తిరించేది, కోడలు రేకు నొక్కేది, ఇద్దరూ నా మీదుగానే పోట్లాడుకునేవారు. అక్కడి నుంచి సిరిసిల్లలో ఒక పుస్తకాల దుకాణానికి చేరాను. కొన్నాళ్లకు భూమయ్య అనే వకీలు గుమాస్తా నన్ను కొని చొక్కా జేబులో వేసుకున్నాడు.

భూమయ్య జేబులో నేను చూసినన్ని బొటనవేళ్లు ఏ వైద్యుడూ చూసి ఉండడు. నూలు దారం కోసిన వేళ్లు, పసుపు అంటిన వేళ్లు, పొగాకు వాసన వేళ్లు. మనుషులు నన్ను ముట్టుకునేటప్పుడు ఎందుకో సిగ్గుపడతారు. పని కాగానే వేలిని తలకు తుడుచుకుంటారు. నేనేదో మైలైనట్టు. నిజానికి నాకు మంచీ చెడూ తెలియదు. నిజం కింద పడ్డ వేలూ, అబద్ధం కింద పడ్డ వేలూ నాకు ఒకే బరువు.

నన్ను ఇక్కడికి తెచ్చిన వేలు బింగి అంబవ్వది.

ఆమె భర్త బతికుండగా మూడు ఊళ్లు తిరిగి మూడు చోట్ల ఆస్తి చేశాడు. సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలున్న ఇల్లు. సోలాపూరులో రెండు గదుల ఇల్లు. సూరత్‌లో చీరల దుకాణం. పోయేముందు వీలునామా రాశాడు. సిరిసిల్ల ఇల్లు భార్యకు, సూరత్ దుకాణం కొడుక్కు, సోలాపూరు ఇల్లు ‘నా చెల్లెలు రాజమణికి’. ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది ఏదైనా ఉంటే అదీ భార్యకే.

ఆ వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేసి ఇచ్చే కాగితాన్ని ప్రొబేటు అంటారు. ఆస్తి మూడు రాష్ట్రాల్లో ఉంది కాబట్టి హైదరాబాదులో పెద్ద కోర్టుకే పోవాలన్నాడు వకీలు. అక్కడ మొదలయ్యాయి తిప్పలు. సిరిసిల్ల కాగితాల్లో ఆయన బింగి వీరేశం. సోలాపూరు కాగితాల్లో వీరేశం లింగయ్య బింగి. సూరత్‌లో వట్టి వీరేశ్‌భాయి. ఒకే మనిషి రాష్ట్రం దాటినప్పుడల్లా పేరు తిరగేసి తొడుక్కున్నాడు. ఈ ముగ్గురూ ఒకడేనని భార్య ప్రమాణపత్రం ఇవ్వాలట.

అంతటితో ఆగలేదు. రాజమణి పేరున సోలాపూరుకు పంపిన రిజిస్టరు ఉత్తరం, ఆ పేరు గలవారు లేరని, ఆ ఇంట్లో సంగీత అనే ఆమె ఉందని రాసి తిరిగొచ్చింది. లేరంటే లేకపోవడం కాదు. కోడలికి పెళ్లినాడు కొత్త పేరు పెట్టడం అక్కడి అలవాటు. ఆ ఊళ్లో స్థిరపడ్డ సాలెవాళ్లయిన రాజమణి అత్తవారూ అదే పాటించారు. పుట్టింట్లో రాజమణి, అక్కడి రేషన్ కార్డు మీద సంగీత. మొగుడు పోయాక బీడీలు చుట్టుకుంటూ, అన్న కొనిచ్చిన ఆ రెండు గదుల్లోనే ఉంటోంది.

ఒక మధ్యాహ్నం భూమయ్య కాగితాలు పట్టుకొని అంబవ్వ ఇంటికి వచ్చాడు. ఆయనది వేములవాడ పక్క పల్లె, ఈ ఇంటి చుట్టరికాలు తెలియవు. మొగుడి మూడు పేర్లు చదివాడు. ముగ్గురూ ఆయనే అంది అంబవ్వ. తర్వాత అడిగాడు.

“రాజమణి అంటే ఎవరవ్వా? సోలాపూర్ల ఉన్న సంగీతమ్మనేనా?”

అంబవ్వ గూట్లో ఉన్న రేకు పెట్టె వైపు చూసింది. అందులో రాజమణి రాసిన ఉత్తరాలున్నాయి. ముప్పై ఏళ్లపాటు నెలకొకటి వచ్చేది. ఆయన గడపలో కూర్చొని చదువుకొని, తనలో తను నవ్వుకొని, మడిచి పెట్టెలో వేసేవాడు. ఏం రాసిందంటే, “ఏముంటది, వానలు పడ్డయట” అనేవాడు. వానలు పడితే మనిషి అట్లా నవ్వుతాడా అని ఆమె ముప్పై ఏళ్లు కుమిలింది. ఆడబిడ్డకు చదువొచ్చు, తనకు రాదు. ఆ నవ్వులో తనకు చోటు లేదు.

“ఏ రాజమణి?” అంది అంబవ్వ. “మా ఆయనకు ఆ పేరుతోటి చెల్లె లేదు.”

“మరి ఆ ఇంట్ల ఉన్నామె?”

“కిరాయికి ఉన్నట్టుంది.”

భూమయ్య చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. మర్నాడు టైపు చేయించి, సంతకాలు ధ్రువీకరించే నోటరీని కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. ఎదుట కూర్చొని నిదానంగా చదివాడు. చదువురాని వాళ్లకు అట్లా చదవాలని రూలుందని రెండోసారీ చదివాడు. మూడు పేర్ల మగవాడు ఒకడేనని, రెండు పేర్ల ఆడది ఒకతె కాదని ఒకే కాగితం చెప్పింది. అంబవ్వ రెండుసార్లూ విన్నది. విని, నా మీద వేలు ఒత్తింది.

అన్న ఏడాది మాసికానికి రాజమణి సోలాపూరు నుంచి వచ్చింది. దారిలో వకీలు దగ్గర ఆగితే ఆయన ఆ కాగితం చూపించాడట. నకలు చేతబట్టుకొని ఇంటికొచ్చి, నీళ్లయినా తాగకుండా అడిగింది.

“వదినా, నేను మా అన్నకు చెల్లెనే కాదని రాసిచ్చినవా?”

అంబవ్వకు ఆ మాట అప్పుడే తట్టింది. చెప్పడానికి ఎంత తేలికైన మాటో.

“నాకేం తెలుసు పిల్లా, చదువురాని దాన్ని. ఆ గుమాస్త ఏడ పెట్టుమంటే ఆడ పెట్టిన.”

రాజమణి నమ్మింది. నమ్మి, వదిన భుజం పట్టుకొని ఏడ్చింది. మరుసటి రోజు వకీలు ఆఫీసుకు పోయి భూమయ్యను నిలబెట్టి కడిగేసింది. వకీలు ఆయన్ను పనిలోంచి తీసేశాడు. సాయంత్రం భూమయ్య అంబవ్వ గడప ముందుకొచ్చి నన్ను తీసి అరుగు మీద పెట్టాడు.

“ఇది నీ దగ్గరనే ఉండనియ్యవ్వా. నాకిక అక్కర లేదు.”

తిట్టలేదు. తిట్టి ఉంటే అంబవ్వకు కాస్త ఊరటగా ఉండేది.

ఆ కాగితం తప్పని రాజమణి అభ్యంతరం చెప్పడంతో కోర్టు ఒక వకీలును కమిషనరుగా పంపుతుందని, ఆయన సిరిసిల్లకే వచ్చి సాక్ష్యం రాసుకుంటాడని తెలిసింది. అప్పటిదాకా రాజమణి ఇక్కడే ఉండిపోయింది. ఊరికే ఉండలేదు. “చదువురాకనే గద వదినా నిన్ను ముంచిండ్రు, నేను నేర్పుత” అని పలక కొనుక్కొచ్చింది. బీడీలు చుట్టిన వేళ్లతో వదిన వేళ్లు పట్టుకొని దిద్దించింది. ‘అ’ రాయడానికి అంబవ్వకు నాలుగు రోజులు పట్టింది. గీత వంకరపోతే రాజమణి నవ్వేది. “మా అన్న మీసం లెక్క గీసినవ్ గదనే” అనేది. అంబవ్వ కూడా నవ్వేది. నవ్వి, గూటి వైపు చూసి తల దించుకునేది. నేను గూట్లోంచి చూస్తూనే ఉన్నాను.

మూడు నెలలకు గుణింతాలొచ్చాయి. అప్పుడు రాజమణి రేకు పెట్టెలోంచి తన ఉత్తరాలే తీసి చదివించింది. పొగాకు పాసిపోయింది, వానలకు కప్పు కారుతోంది, పక్కింటి మేక బీడీ ఆకు మేసింది. నిజంగా వానలే. చాలా ఉత్తరాల చివర మాత్రం ఒకే వాక్యం ఉంది. ‘వదినకు చదివి వినిపించు అన్నా.’ ఆయన ఒక్కసారీ వినిపించలేదు. ఎందుకో ఆయనకే తెలియాలి. బహుశా బద్ధకం.

కమిషనరు వచ్చే ముందు రోజు రాజమణి ఆ ప్రమాణపత్రం నకలు ముందర పెట్టింది.

“ఇగో, రేపటికి ఇది నువ్వే చదువు. ఏం రాసి మోసం చేసిండో నీకే తెలుస్తది.”

అంబవ్వ వేలు పెట్టి చదివింది. మొగుడి పేర్లు చదివింది. రాజమణి లేదన్న వాక్యం చదివింది. వేలిముద్ర కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. ‘చ-ది-వి… వి-ని-పిం-చ-గా… విని, సరి అని ఒప్పుకొని… వేలిముద్ర వేసినది.’

చదివాక తలెత్తలేదు.

రాజమణి చాలా మెల్లగా అడిగింది. “చదివి వినిపించిండా వదినా?”

“వినిపించిండు.”

“నువ్వు విన్నవా?”

“రెండుసార్లు.”

రాజమణి పలక తీసి గోడకు ఆనించింది. లేచి పోయి బయట అరుగు మీద కూర్చుంది. అన్నానికి పిలిచినా రాలేదు.

మర్నాడు కమిషనరు ముందు అంబవ్వ మొత్తం చెప్పింది. రాజమణే సంగీత అని, తెలిసే అబద్ధం పెట్టానని, భూమయ్య తప్పు ఇసుమంతా లేదని. తెలియక పెట్టానంటే సరిపోతుందని వకీలు పక్కనుంచి సైగ చేశాడు. ఆమె అటు చూడలేదు. సంతకం చేస్తానంటే కమిషనరు ఒప్పుకోలేదు. మొదటి కాగితం మీద వేలిముద్ర ఉంది కాబట్టి దీని మీదా వేలిముద్రే ఉండాలన్నాడు. మళ్లీ నేనే అవసరపడ్డాను. పని కాగానే ఆమె వేలు తలకు తుడుచుకోలేదు. రెండు రోజులు అట్లాగే ఉంచుకుంది.

కోర్టు ఆమెను మందలించి వదిలింది. ప్రొబేటు వచ్చింది. సోలాపూరు ఇల్లు ‘రాజమణి అను సంగీత’కు దక్కింది. భూమయ్య స్థానంలో అప్పటికే ఇంకొకరు చేరారు. ఆయన ఇప్పుడు రిజిస్ట్రారు ఆఫీసు బయట దరఖాస్తులు రాస్తున్నాడు. అంబవ్వ పోయి క్షమించమంటే కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, చాయ్ చెప్పాడు, ఆ సంగతి మాత్రం ఎత్తనివ్వలేదు.

రాజమణి కమిషనరు వచ్చిన సాయంత్రమే బయల్దేరింది. సంచి భుజానికి తగిలించుకుంది. అంబవ్వ చీర పెట్టలేదు, పెట్టే హక్కుందో లేదో తెలియక. మా వైపు ఇల్లు కదిలేటప్పుడు ఎవరూ ‘పోత’ అనరు. ‘పోయొస్త’ అంటారు. చావుకు వచ్చినవాళ్లు తప్ప అందరూ అంటారు. రాజమణి గడప దాటి, ఒకసారి వెనక్కి తిరిగింది.

“పోత వదినా” అంది.

బింగి అంబవ్వ
వయసు అరవై ఐదు
సిరిసిల్ల