భుజానికి వేసిన సూది

గాజుగొట్టంలో నీలం మందు కుతకుత ఉడుకుతూ ముందు ఆకుపచ్చగా మారింది, తర్వాత పసుపు తిరిగింది, దేవమ్మ చూస్తుండగానే ఇటుకపొడి రంగుకు వచ్చి ఆగింది. స్పిరిట్ దీపం ఆర్పి, గొట్టాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. ఎటు చూసినా ఎరుపే. ఒంట్లో చక్కెర ఎంత పెరిగితే, మూత్రం చుక్కలు కలిపిన ఆ మందు అంత ఎర్రబడుతుందని కొడుక్కి ఇన్సులిన్ మొదలైనప్పుడే ఆమెకు నేర్పారు.

కొడుకు బస్వరాజ్ బొంబాయి రోడ్డు మీద లారీ నడుపుతాడు. పొద్దుటి నుంచి చెంబు మీద చెంబు నీళ్లు తాగుతున్నాడు.

"దాబాల చాయ్ తాగినవ్. నిజం చెప్పు," అంది.

"భుజం లేస్తలేదని ఇంట్లనే పడున్న గద. దాబా మనింటికి నడిచొచ్చిందా?"

అదీ నిజమే. భుజం పట్టేసి స్టీరింగు తిప్పలేక, మొన్ననే పైఊరి ఎముకల డాక్టరు దగ్గర కీలులో సూది వేయించుకుని వచ్చాడు. అక్కడ షుగర్ మాట ఎత్తొద్దని చెప్పి పంపింది దేవమ్మే. ఆ దవాఖానకు లారీల వాళ్లందరూ వస్తారు, సేటు చెవిన పడితే బండి ఇవ్వడు. భుజం నొప్పి భుజానిది, దానికి షుగర్‌తో ఏం పని అనుకుంది.

ఇప్పుడు ఆ ఎరుపు చూసి, కొడుకు నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. చక్కెర మితిమీరి స్పృహ తప్పి పడిపోయిన మొదటిసారి వచ్చిన ఆ పండు వాసన లేదు. అయినా ఆగలేక, షుగర్ చూసే డాక్టరు జహూర్ దగ్గరికి లాక్కుపోయింది.

జ్వరం వచ్చిందా, సూది మరిచారా అని ఆయన అడిగినవాటికి కొడుకు నోరు తెరవకముందే తనే జవాబు చెప్పింది. వేరే సూది ఏమన్నా వేయించాడా అన్నప్పుడు మాత్రం బస్వరాజ్ తల్లి వైపు చూసి, తనే చెప్పేశాడు.

"కీలులకు ఏసిన మందు కీలులనే కూసోదమ్మా, నెత్తుర్ల కలుస్తది," అన్నాడు జహూర్. "అది స్టెరాయిడ్. షుగర్ ఉన్నోళ్లకు కొన్ని దినాలు చక్కెర పెంచుతది, తర్వాత దానంతట అదే దిగుతది. అందాక ఇన్సులిన్ జర పెంచుదాం. గొట్టంల మందు నీలం చూపిన పూటనే సూది మీద పాత గీతకు రావాలె. ఇన్సులిన్ తక్కువైతే ఎంత ఖతరో, ఎక్కువైనా అంతే."

ఆమె చెవిన పడింది తక్కువైతే అన్న మాట ఒక్కటే.

పూటపూటకూ పరీక్ష చేసింది. ఎరుపు, మళ్లీ ఎరుపు, తర్వాత నారింజ. అది చూసి రాత్రి సూది పెంచిన గీతకే ఇచ్చింది. తెల్లారి ఉడికిస్తే మందు నీలంగానే ఉండిపోయింది.

ఆమె నమ్మలేదు. ఒక్క రాత్రిలో ఎట్లా దిగుతుంది? మందే చెడిపోయి ఉంటుంది. వేరే గొట్టంలో కొత్తగా మందు పోసి, వంటింటి డబ్బాలోంచి చిటికెడు చక్కెర వేసి ఉడికించింది. అసలు చక్కెరకే రంగు తిరగకపోతే ఇక అనుమానమేముంది? తిరగలేదు. నీలం నీలంగానే ఉంది.

మందు పాడైంది. అంటే కొడుకు ఒంట్లో చక్కెర పొంగుతూనే ఉంది. సూదిలోకి పెంచిన గీత దాకా ఇన్సులిన్ లాగింది.

"జల్ది కానియ్యమ్మా, ఆకలైతుంది," అన్నాడు బస్వరాజ్, చెయ్యి చాపుతూ.

పట్టుకున్న చెయ్యి చల్లగా, తడిగా తగిలింది. అది వణుకుతోంది. వణికేది తన చెయ్యేమోనని ఆమె వదిలేసి చూసింది. చాపిన చెయ్యే వణుకుతోంది. నుదుటి మీద చెమట. ఇంకా ఎండే రాలేదు.

"గుండె దడదడ అంటున్నదే," అన్నాడు, మాట తడబడుతూ.

మందు చెడిపోయిందని గొట్టం చెబుతోంది. కొడుకు ఒళ్లు చక్కెర పడిపోయిందని చెబుతోంది. చేతిలో నిండిన సూది. దేవమ్మ సూదిని గిన్నెలో పడేసి, చక్కెర డబ్బా తీసి గ్లాసు నీళ్లలో గుమ్మరించి, కలిపీ కలపకుండానే అతని నోటికి పెట్టింది. ఏళ్లుగా ఏ చక్కెరను చూసి భయపడిందో దాన్నే తాగు బిడ్డా, తాగు అని బతిమాలుతూ తాగించింది. వణుకు ఆగాక రొట్టె తినిపించి, వెంటబెట్టుకుని దవాఖానకు నడిచింది.

జహూర్ అంతా విన్నాడు.

"మందు మంచిగనే ఉన్నదమ్మా. వంటింటి చక్కెర దానికి దొరకదు. నెత్తుర్ల ఉండే చక్కెర వేరే తీరుది. భుజంల మందు జోరు తగ్గింది, మీరు ఇన్సులిన్ తగ్గించలే."

దేవమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"భుజానికి ఇంకో సూది కావాలంటరేమో," అంది. "ఈసారి నేను గూడ పోత. కూసోకముందే షుగర్ సంగతి చెప్త."

"సేటుకు తెలుస్తదే," అన్నాడు బస్వరాజ్.

"తెల్వనీ," అంది దేవమ్మ.